పాత తప్పులు ఉన్నా సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారం నిజాయితీగా నింపడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక ఫెడరల్ కాంట్రాక్టు ఉద్యోగాల వైపు వెళ్తున్న మనవాళ్లు ఎక్కువమందే ఉన్నారు. వాటిలో చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడడానికి ఇచ్చే అనుమతి, కావాలి. వాళ్లందరూ అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. ఎప్పుడో జరిగిన డీయూఐ (తాగి బండి నడిపిన కేసు), కాలేజీ రోజుల్లో ఒకసారి తాగిన గంజాయి, కలెక్షన్‌కి వెళ్లిన క్రెడిట్ కార్డు, కన్సల్టెన్సీ వాళ్లు పెంచి రాసిన రెజ్యూమె, ఇవన్నీ ఫారంలో రాయాలా, రాస్తే క్లియరెన్స్ పోతుందా అని.

సూటిగా చెప్తాను. పాత విషయాల్లో చాలావాటికి దారి ఉంది, దాచినదానికి మాత్రం దారి చాలా ఇరుకు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. అయితే "నిజం రాయండి" అని ఒక మాట చెప్పి వదిలేస్తే సరిపోదు, ఎందుకంటే దాచాలనే ఉద్దేశం ఏమీ లేకపోయినా తయారీ లేకుండా నింపినందువల్ల అబద్ధం చెప్పినట్టు కనిపించేవాళ్లు ఎంతోమంది. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం తయారీ గురించే.

## 1. ముందు ఆట నియమాలు తెలుసుకోండి

క్లియరెన్స్‌కి మనంతట మనం అప్లై చేయలేం. ఏజెన్సీ గానీ, క్లియర్డ్ కాంట్రాక్టర్ కంపెనీ గానీ స్పాన్సర్ చేయాలి. మామూలు క్లియరెన్స్‌కి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు సరిపోదు.

మీరు నింపేది స్టాండర్డ్ ఫారం 86, అందరూ ఎస్‌ఎఫ్-86 అంటారు. ఇప్పుడు ఈ-యాప్ అనే ఆన్‌లైన్ సిస్టంలో నింపుతారు. రక్షణ శాఖ కేసులతో పాటు చాలా ఏజెన్సీల దర్యాప్తు డీసీఎస్‌ఏ అనే రక్షణ శాఖ సంస్థ చేస్తుంది. దర్యాప్తు చేసే ఇన్వెస్టిగేటర్ వేరు, నిర్ణయం తీసుకునే అడ్జుడికేటర్ వేరు. ఇన్వెస్టిగేటర్‌ని మెప్పించాలని తాపత్రయపడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

నిర్ణయానికి ఆధారం 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 అనే ఆదేశం. అందులో ఎ నుంచి ఎం దాకా 13 గైడ్‌లైన్లు ఉన్నాయి. మన విషయానికి ముఖ్యమైనవి ఇవి: బి విదేశీ ప్రభావం, ఇ వ్యక్తిగత ప్రవర్తన, ఎఫ్ ఆర్థిక విషయాలు, జి మద్యం, హెచ్ డ్రగ్స్, జె నేరాలు. నిజాయితీ అంతా గైడ్‌లైన్ ఇ కిందికి వస్తుంది, దర్యాప్తులో నిజం చెప్పకపోవడాన్ని, సహకరించకపోవడాన్ని అది ప్రత్యేకంగా ఎత్తి చూపుతుంది.

తప్పు ఎంత పెద్దది, ఎంత కాలం క్రితం, అప్పుడు మీ వయసెంత, ఎన్నిసార్లు జరిగింది, తర్వాత మారారా, మళ్లీ జరిగే అవకాశం ఉందా, దాన్ని చూపించి ఎవరైనా మిమ్మల్ని బెదిరించగలరా, ఇవన్నీ కలిపి చూస్తారు. దీన్నే హోల్ పర్సన్ కాన్సెప్ట్ అంటారు. ఒక్క సంఘటన పట్టుకుని యాంత్రికంగా కొట్టేయరు. కానీ సందేహం మిగిలితే మాత్రం అది దేశ భద్రత వైపే మొగ్గుతుంది, మీ వైపు కాదు. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని సుప్రీంకోర్టు 1988లోనే ఈగన్ కేసులో చెప్పింది.

## 2. ఫారం తెరవకముందే కాగితాలు తెచ్చుకోండి

జ్ఞాపకం మీద ఆధారపడి నింపకండి. ఇన్వెస్టిగేటర్ చేతిలో రికార్డులు ఉంటాయి, మీ చేతిలో కూడా అవే ఉండాలి.

తెచ్చుకోవాల్సినవి:

- మూడు బ్యూరోల క్రెడిట్ రిపోర్టులు: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు కాబట్టి మూడూ చూడండి.
- ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు, రాష్ట్ర పన్ను రికార్డులు. ఏ సంవత్సరమైనా ఫైల్ చేయకుండా వదిలేశారేమో ఇక్కడ బయటపడుతుంది.
- అరెస్టు, కేసు, టికెట్ ఏదున్నా కోర్టు నుంచి తుది తీర్పు కాపీ. అరెస్టు చరిత్రపై అనుమానం ఉంటే ఎఫ్‌బీఐ నుంచి మీ ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ తెప్పించుకోవచ్చు.
- రాష్ట్ర డ్రైవింగ్ రికార్డు.
- అన్ని డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), ఆఫర్ లెటర్లు, రిలీవింగ్ లెటర్లు, హెచ్-1బీ పిటిషన్ కాపీలు.
- పాస్‌పోర్టులు, పాతవి కూడా. ప్రయాణాల తేదీలకు స్టాంపులే దిక్కు.
- సిటిజన్‌షిప్ కోసం ఇచ్చిన ఎన్-400 కాపీ, దొరికితే పాత వీసా ఫారాలు కూడా.

చివరిది చాలామంది వదిలేస్తారు, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. ఎన్-400లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడుగుతారు. అక్కడ లేదని రాసి, ఇప్పుడు ఎస్‌ఎఫ్-86లో అవునని రాస్తే, క్లియరెన్స్ సంగతి అలా ఉంచి, పౌరసత్వం వచ్చిన తీరు మీదే ప్రశ్న వస్తుంది. అలాంటి తేడా కనబడితే ఫారం సబ్మిట్ చేయకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని, క్లియరెన్స్ కేసులు చూసే లాయర్‌ని ఇద్దరినీ కలవండి. పాత అబద్ధానికి సరిపోయేలా కొత్త అబద్ధం రాయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ దారి.

## 3. ఒక కాగితం మీద పదేళ్ల కాలక్రమం రాసుకోండి

ఎస్‌ఎఫ్-86లో నివాసం, ఉద్యోగం, చదువు 10 ఏళ్ల వెనక్కి అడుగుతారు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. స్ప్రెడ్‌షీట్‌లో నెలల వారీగా మూడు కాలమ్స్ పెట్టుకోండి: ఎక్కడ ఉన్నాను, ఎక్కడ పని చేశాను, ఎవరు దీన్ని ధ్రువీకరించగలరు.

కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో ఉన్న నెలలు, ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌లో లీజులో పేరు లేకుండా ఉన్న రోజులు, ఇవి కూడా నివాసాలే. అప్పటి రూమ్మేట్ పేరు, ఫోన్ నంబర్ ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

తేదీ కచ్చితంగా తెలియకపోతే ఫారంలో అంచనా అని గుర్తు పెట్టే వీలు ఉంది, దాన్ని వాడండి. ఊహించిన తేదీని కచ్చితమైనదిగా రాయడం కంటే అంచనా అని ఒప్పుకోవడం మేలు.

## 4. ప్రతి ప్రశ్నలోని కాలపరిమితిని విడిగా చూడండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక ప్రశ్న గత 7 ఏళ్లు అంటుంది, దాని కిందిదే "ఎప్పుడైనా" అంటుంది. మనం మాత్రం అన్నీ 7 ఏళ్లే అనుకుని గబగబా "నో" కొట్టేస్తాం.

పోలీసు రికార్డు విభాగాన్నే తీసుకోండి. మామూలు కేసులకు 7 ఏళ్లు. కానీ ఫెలొనీ (తీవ్ర నేరం) చార్జి, ఆయుధాలకు సంబంధించిన చార్జి, మద్యం లేదా డ్రగ్స్‌కి సంబంధించిన చార్జి అయితే ఎప్పుడు జరిగినా రాయాలి. అంటే 15 ఏళ్ల కిందటి డీయూఐ కూడా రాయాల్సిందే. గత 7 ఏళ్ల ప్రశ్నకు "నో" అని, ఎప్పుడైనా అన్న ప్రశ్నకు "ఎస్" అని వస్తుంది, రెండూ నిజమే.

ప్రశ్న అడగనిది మొత్తం గుమ్మరించాల్సిన పని లేదు. నిజాయితీ అంటే అడిగినదానికి పూర్తిగా చెప్పడం. నా పద్ధతి ఏమిటంటే ప్రశ్నను గట్టిగా చదవాలి, కాలపరిమితి కింద గీత గీయాలి, "చార్జి", "అరెస్టు", "శిక్ష" ఈ మూడింట్లో ఏది అడుగుతున్నారో చూడాలి, ఆ తర్వాతే సమాధానం. ఫారాలు కాలంతో పాటు మారుతుంటాయి కూడా, అందుకే మీ స్నేహితుడు నాలుగేళ్ల క్రితం ఏం రాశాడన్నది కాకుండా మీ స్క్రీన్ మీద ఉన్న వాక్యాన్నే నమ్మండి.

## 5. ఉద్యోగాలు, బెంచ్, పెంచి రాసిన రెజ్యూమె

మనవాళ్లకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విభాగం ఇది, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఎంప్లాయర్ ఎవరు? డబ్ల్యూ-2 ఇచ్చిన కంపెనీయే మీ ఎంప్లాయర్. క్లయింట్ పేరు ఎంత పెద్దదైనా దాన్ని ఎంప్లాయర్‌గా రాయకూడదు. పని చేసిన చోటు వేరైతే ఆ అడ్రస్ ఇవ్వడానికి విడిగా చోటు ఉంది, క్లయింట్ వివరం అక్కడ, వ్యాఖ్యలో రాయండి.

బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఉన్న నెలలు? జీతం వచ్చి ఉంటే ఆ కంపెనీ ఉద్యోగిగానే రాయండి. జీతం లేకుండా ఖాళీగా ఉంటే ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ సమయంలో మీ పరిస్థితి తెలిసిన వ్యక్తి పేరు ఇవ్వండి. పే స్టబ్ లేని నెలల్ని ఉద్యోగంగా చూపిస్తే ట్యాక్స్ రికార్డే మిమ్మల్ని పట్టిస్తుంది. జీతం లేని బెంచ్ హెచ్-1బీ స్టేటస్‌లో ఉండగా జరిగితే ముందే లాయర్‌తో మాట్లాడండి.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్? రెండేళ్ల అనుభవాన్ని ఏడేళ్లు చేసి రాసిన రెజ్యూమె, లేని ప్రాజెక్టు, మీ బదులు వేరేవాళ్లు ఇచ్చిన ప్రాక్సీ ఇంటర్వ్యూ. ఇవి ఎస్‌ఎఫ్-86లో నేరుగా ఒక ప్రశ్నగా రాకపోవచ్చు, కానీ ఉద్యోగ అర్హత నిర్ణయించే పత్రాల్లో కావాలని అబద్ధం రాయడం గైడ్‌లైన్ ఇ లోకే వస్తుంది. స్పాన్సర్ కంపెనీకి ఇచ్చిన రెజ్యూమెలో ఒకటి, ఫారంలో ఒకటి ఉంటే ఇన్వెస్టిగేటర్ అడగకుండా ఉండడు.

ఇక్కడ చేయాల్సినవి వరుసగా:

1. ఇప్పటి రెజ్యూమెని ముందు నిజమైన రూపంలోకి తెచ్చుకోండి. అబద్ధపు రెజ్యూమెతో స్పాన్సర్‌షిప్ తీసుకోకండి.
2. ఫారంలో నిజమైన ఉద్యోగాలు, నిజమైన తేదీలు మాత్రమే రాయండి.
3. పాత రెజ్యూమె ఇప్పటికే ఈ కంపెనీ దగ్గర ఉంటే, తేడాని మీరే ముందు చెప్పండి. ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది, నిజమే. కానీ సంతకం చేసిన ఫెడరల్ ఫారంలో అదే అబద్ధాన్ని మళ్లీ చెబితే అది నేరం అవుతుంది.
4. ఇంటర్వ్యూలో అడిగితే "కన్సల్టెన్సీ వాళ్లు రాశారు" అన్నది వాస్తవమైతే చెప్పండి, కానీ అక్కడితో ఆగకండి. అది మీకు తెలుసా, తెలిసీ వాడారా, ఎప్పుడు మానేశారు, అదీ చెప్పండి.

ఉద్యోగం ఎలా పోయింది? గత 7 ఏళ్లలో తీసేశారా, తీసేస్తామని చెబితే మీరే మానేశారా, ఆరోపణల తర్వాత పరస్పర ఒప్పందంతో బయటికొచ్చారా అని అడుగుతారు. "నేనే రిజైన్ చేశాను" అనేది కాగితం మీద నిజమైనా, మేనేజర్ పిలిచి రిజైన్ చేయమన్నారంటే సమాధానం "ఎస్". రాతపూర్వక హెచ్చరికలు, సస్పెన్షన్లు కూడా అడుగుతారు. మీ పాత మేనేజర్‌తో ఇన్వెస్టిగేటర్ మాట్లాడతాడని గుర్తుంచుకుని రాయండి.

## 6. కేసులు, మద్యం, డ్రగ్స్

కొట్టేసిన కేసు, సీల్ చేసిన రికార్డు, ఎక్స్‌పంజ్ అయిన (రికార్డు చెరిపేసిన) కేసు కూడా సాధారణంగా రాయాలి, ఫారంలోనే ఆ మాట ఉంటుంది. కొన్ని ఫెడరల్ డ్రగ్స్ కేసుల ఎక్స్‌పంజ్‌మెంట్‌కి మాత్రమే చిన్న మినహాయింపు ఉంది. "రికార్డు చెరిపేశాం, ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు" అని అప్పటి లాయర్ చెప్పి ఉండొచ్చు. ఆ మాట ప్రైవేటు ఉద్యోగాలకు పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు.

300 డాలర్లలోపు ట్రాఫిక్ జరిమానా అక్కర్లేదు, కానీ మద్యం గానీ డ్రగ్స్ గానీ కలిస్తే రాయాలి.

ఇండియాలో పెట్టిన కేసులు కూడా లెక్కే. చార్జిలు, శిక్షల గురించి అడిగే ప్రశ్నలో విదేశీ కోర్టుల పేరు స్పష్టంగా ఉంటుంది. 498ఏ కేసు ఉంటే, అది కొట్టేసినా, రాజీ అయినా, కోర్టు ఆర్డరు కాపీ, దాని ఇంగ్లీషు అనువాదం సిద్ధంగా పెట్టుకోండి.

గంజాయి విషయంలో గందరగోళం ఎక్కువ. మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫారం ఫెడరల్ చట్టం ప్రకారమే అడుగుతుంది. గతంలో వాడడం ఒక్కటే క్లియరెన్స్‌ని ఆపదని 2021 డిసెంబరులో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఏజెన్సీలకు స్పష్టత ఇచ్చారు. ప్రస్తుతం వాడుతున్నవాళ్లకు మాత్రం చట్టమే అడ్డు. అందుకే మొదటి పని ఇవాళే పూర్తిగా మానేయడం, రెండోది ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎవరితో అన్నది నిజంగా గుర్తు తెచ్చుకోవడం, మూడోది ఇక వాడనని సంతకంతో రాసివ్వడానికి సిద్ధపడడం. డ్రగ్స్ విభాగంలో మీరు ఇచ్చే నిజమైన సమాధానాన్ని తర్వాత క్రిమినల్ కేసులో మీ మీద సాక్ష్యంగా వాడరని ఫారంలోనే ఉంది.

పరీక్షల ముందు ఏకాగ్రత కోసం రూమ్మేట్ దగ్గర తీసుకుని వేసుకున్న అడెరాల్ అనే ప్రిస్క్రిప్షన్ మాత్ర కూడా ఇక్కడికే వస్తుంది. వేరేవాళ్ల ప్రిస్క్రిప్షన్ వాడడం అంటే దుర్వినియోగమే.

కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లు భయపడకండి. డిప్రెషన్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్లడం తప్పుగా చూడరు. ఫారం అడిగేది కోర్టు ఆదేశాలు, ఆసుపత్రిలో చేరడం, కొన్ని నిర్దిష్ట వ్యాధి నిర్ధారణలు, నిర్ణయశక్తి మీద తీవ్ర ప్రభావం చూపే పరిస్థితుల గురించి. ఈ భయంతో వైద్యం మానేయడం నాకు బాధ కలిగించే విషయం, దయచేసి మానకండి.

## 7. డబ్బు, ఇండియా సంబంధాలు

అప్పుల్లో ముఖ్యంగా 120 రోజులు దాటి కట్టనివి, కలెక్షన్‌కి వెళ్లినవి, చార్జాఫ్ అయినవి (ఇక రావని బ్యాంకు నష్టంగా రాసేసినవి), పన్నులు ఫైల్ చేయని సంవత్సరాలు అడుగుతారు. ఫారం వచ్చేలోపు చేయగలిగినవి చేసేయండి. ఫైల్ చేయని రిటర్ను ఫైల్ చేయండి, పాత అప్పుకి పేమెంట్ ప్లాన్ పెట్టుకుని కొన్ని నెలలు క్రమంగా కట్టండి. మొత్తం తీర్చకపోయినా నిజంగా మొదలుపెట్టిన ప్రయత్నానికి విలువ ఉంది. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి ఖర్చు, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలైతే వాటి రుజువులు దాచుకోండి.

ఇండియా వైపు మర్చిపోయేవి చాలా ఉన్నాయి:

- ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ అకౌంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, షేర్లు. విదేశీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ అకౌంట్ల రిపోర్టు ఫైల్ చేసి ఉండాలి, చేయకపోతే ముందు ట్యాక్స్ నిపుణుడిని కలవండి.
- మీ పేరున ఉన్న ఫ్లాటు, ప్లాటు. నాన్నగారి పొలం వారసత్వంగా రాబోతుంటే అదీ చెప్పాలి, ఎందుకంటే భవిష్యత్తులో ఆస్తి వచ్చే అవకాశాన్ని కూడా అడుగుతారు.
- అమ్మానాన్నలకు పంపే డబ్బు. విదేశీ పౌరులకు ఎప్పుడైనా ఆర్థిక సహాయం చేశారా అనే ప్రశ్న ఉంది. ఇది తప్పు కాదు, రాస్తే చాలు.
- అత్తమామలు బంధువుల విభాగంలో వస్తారు. బావగారు, కజిన్లు, చిన్ననాటి స్నేహితులు అందులో రారు, కానీ దగ్గరి సంబంధం కొనసాగుతుంటే విదేశీ పరిచయాల విభాగంలో రాయాలి.
- వాళ్లలో ఎవరైనా ప్రభుత్వంలో, పోలీసు శాఖలో, సైన్యంలో ఉంటే ఆ వివరం.
- ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఇది పౌరసత్వం కాదు, ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. దాన్ని ఎక్కడ ప్రస్తావించాలో మీ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఓని, అంటే సెక్యూరిటీ ఆఫీసర్‌ని, ఈమెయిల్‌లో అడగండి.

ఇండియాలో బంధువులు ఉన్నారని రాస్తే అనుమానం వస్తుందని కొంతమంది తగ్గించి రాస్తారు. ఇండియాలో పుట్టిన మనిషికి ఇండియాలో ఎవరూ లేరంటేనే అనుమానం వస్తుంది.

## 8. వ్యాఖ్య రాసే పద్ధతి

"ఎస్" అన్న ప్రతిదానికీ వివరణ ఇవ్వాలి. ఫారంలో ఇంగ్లీషులో రాస్తారు గానీ వరుస ఇలా ఉండాలి: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఫలితం ఏమిటి, అప్పటి నుంచి ఏం మారింది. నాలుగైదు వాక్యాలు చాలు.

సరిగా లేనిది: "చిన్న ట్రాఫిక్ విషయం. ఫ్రెండ్ పెళ్లిలో బలవంతం చేశారు. పోలీసు కావాలని పట్టుకున్నాడు. కేసు అయిపోయింది."

సరైనది: "2018 మార్చిలో ఒక పార్టీలో నాలుగు బీర్లు తాగి కారు నడిపాను. డీయూఐ చార్జి పెట్టారు. నేరం ఒప్పుకున్నాను. జరిమానా కట్టి, కోర్టు చెప్పిన ఆల్కహాల్ క్లాసులు 2018 ఆగస్టులో పూర్తి చేశాను. ఆ తర్వాత తాగి బండి నడపలేదు, ఇంకే కేసూ లేదు."

రెండోదాంట్లో సాకు లేదు, ఏడుపు లేదు. "నాలుగు బీర్లు" అన్న వివరం పోలీసు రిపోర్టుతో సరిపోవాలి, అందుకే కోర్టు కాగితాలు ముందే తెచ్చుకోమన్నాను.

## 9. సబ్మిట్ చేసే ముందు

- కాలక్రమంలో ఒక్క నెల కూడా ఖాళీ లేదా?
- ఉద్యోగ తేదీలు రెజ్యూమె, డబ్ల్యూ-2, లింక్డ్‌ఇన్‌తో సరిపోతున్నాయా?
- "ఎప్పుడైనా" అన్న ప్రతి ప్రశ్నను రెండోసారి చదివారా?
- క్రెడిట్ రిపోర్టులోని ప్రతి చెడ్డ ఎంట్రీకి ఫారంలో సమాధానం ఉందా?
- ఎన్-400తో ఎక్కడైనా తేడా ఉందా?
- జీవిత భాగస్వామితో కూర్చుని ప్రయాణాలు, అకౌంట్లు, బంధువులు సరిచూశారా?
- పూర్తి కాపీ సేవ్ చేసుకున్నారా? దీన్ని మాత్రం వదలకండి, ఇంటర్వ్యూకి ముందు రోజు చదవాల్సింది ఇదే.

మీ సంతకానికి చట్టం విలువ ఉంది. తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టం 18వ టైటిల్ సెక్షన్ 1001 కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

## 10. ఇంటర్వ్యూ

టాప్ సీక్రెట్ స్థాయి క్లియరెన్స్‌కి ఇంటర్వ్యూ మామూలే, దానికంటే కింది స్థాయి అయిన సీక్రెట్‌కి ఏదైనా అంశం తేలితే పిలుస్తారు. ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు ముందు చూడండి. కాగితాలు వెంట తీసుకెళ్లండి.

ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. ఇన్వెస్టిగేటర్ ముందు మామూలుగా అడుగుతాడు, "కట్టని అప్పులు ఏమైనా ఉన్నాయా?" అని. మీరు లేవంటే ఆ తర్వాత రికార్డు బయటికి తీస్తాడు. ఆ మొదటి ప్రశ్నకే చెప్పేస్తే మీరు చెప్పినట్టు, రెండో ప్రశ్నకు చెబితే దొరికిపోయినట్టు. విషయం ఒకటే, ఫైల్లో రాసే తీరు పూర్తిగా వేరు.

గుర్తు లేకపోతే "గుర్తు లేదు" అనండి, కానీ గుర్తున్నదానికి ఆ మాట వాడకండి. అడిగినదానికి చెప్పి ఆగండి. రిఫరెన్స్ ఇచ్చిన స్నేహితులకు ఏం చెప్పాలో నేర్పకండి, "నిజం చెప్పు" అంటే సరిపోతుంది. కొన్ని ఏజెన్సీలు పోలీగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్ష కూడా పెడతాయి, దానికి చేయాల్సిన తయారీ కూడా ఇదే.

## 11. సబ్మిట్ చేశాక ఏదైనా తప్పిందని తెలిస్తే

రాత్రి పడుకున్నాక గుర్తొస్తుంది, అయ్యో ఆ కేసు రాయలేదే అని. లేదా భయంతో కావాలనే వదిలేసి ఇప్పుడు దిద్దుకోవాలనుకుంటున్నారు. రెండింటికీ దారి ఉంది.

సీడ్-4లో గైడ్‌లైన్ ఇ కింద ఉపశమనం ఇచ్చే పరిస్థితుల్లో మొదటిది ఇదే: అవతలివాళ్లు రుజువులతో నిలదీయకముందే, ఆలస్యం చేయకుండా, మంచి మనసుతో మీరే సరిదిద్దడం. రెండు షరతులూ ముఖ్యం, వెంటనే, అడగకముందే.

1. ఏది తప్పిందో, సరైన సమాధానం ఏమిటో ఒక పేజీలో రాయండి.
2. ఎందుకు తప్పిందో నిజం రాయండి. భయపడి వదిలేస్తే "మర్చిపోయాను" అని రాయకండి, అది రెండో అబద్ధం అవుతుంది. కావాలని దాచిన సందర్భమైతే పంపేముందు లాయర్‌కి చూపించండి, కానీ వారాలు సాగదీయకండి.
3. ఎఫ్‌ఎస్‌ఓకి ఈమెయిల్‌లో పంపండి, కాపీ ఉంచుకోండి.
4. ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల్లోనే "ఫారంలో ఒక సవరణ ఉంది" అని మీరే చెప్పండి.

సెక్యూరిటీ విషయాల్లో సలహా ఇచ్చే బాధ్యత ఉన్నవాళ్లు గానీ, లాయర్ గానీ "ఇది రాయక్కర్లేదు" అన్నందువల్ల వదిలేస్తే, అది కూడా ఉపశమన కారణమే. రూమ్మేట్ సలహా, రిక్రూటర్ ఫోన్లో అన్న మాట దీని కిందికి రావు. అందుకే ప్రతి సలహానీ ఈమెయిల్‌లో తీసుకోండి.

## 12. ఎక్కువగా చూసే పొరపాట్లు

"రికార్డులో లేదు కదా" అనుకోవడం. పాత మేనేజర్, మాజీ భార్య లేదా భర్త, పక్కింటివాళ్లు, వీళ్లంతా రికార్డులే. పరిష్కారం: రికార్డు ఉందా లేదా అని చూడకుండా ప్రశ్న అడిగిందా లేదా అనేది మాత్రమే చూడండి.

సంఖ్య తగ్గించడం. ఇరవైసార్లు వాడి "ఒకటి రెండుసార్లు" అనడం. ఫారంలో ఒక అంకె, ఇంటర్వ్యూలో ఒక అంకె వస్తే డ్రగ్స్ కేసు కాస్తా నిజాయితీ కేసుగా మారుతుంది. గరిష్ఠ అంచనా రాయండి.

ఒక ఫారానికీ ఇంకో ఫారానికీ తేడా. అయిదేళ్ల క్రితం వేరే ఏజెన్సీకి అప్లై చేసి ఉంటే అప్పటి సమాధానాలు ఉంటాయి. అప్పటిది తప్పైతే ఇప్పుడు సరైనది రాసి, తేడా ఎందుకొచ్చిందో వ్యాఖ్యలో చెప్పండి.

ఇంట్లోవాళ్ల దగ్గర దాచడం. భార్యకు తెలియని అప్పు, తల్లిదండ్రులకు తెలియని కేసు, ఇవి బెదిరింపుకి అవకాశం ఇస్తాయి. ఇంట్లో చెప్పేస్తే ఆ అవకాశం పోతుంది, దాన్ని కూడా అడ్జుడికేటర్లు లెక్కలోకి తీసుకుంటారు. చెప్పడం ఎంత కష్టమో తెలుసు, అయినా చెప్పండి.

## 13. ఎస్‌ఓఆర్ వస్తే

స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ వచ్చిందంటే క్లియరెన్స్ పోయినట్టు కాదు, ఏయే కారణాలతో ఇవ్వలేకపోతున్నామో చెప్పి మీ జవాబు అడుగుతున్నట్టు. రక్షణ శాఖ కాంట్రాక్టర్లకు సాధారణంగా 20 రోజుల గడువు, ప్రభుత్వ ఉద్యోగులకు, సైన్యంలో ఉన్నవాళ్లకు పద్ధతి వేరు, మీ లెటర్లో ఉన్న తేదీయే మీ గడువు.

ప్రతి ఆరోపణకూ విడివిడిగా ఒప్పుకుంటున్నానా, ఖండిస్తున్నానా చెప్పాలి. వాస్తవమైనదాన్ని ఒప్పుకుని, దానికి జత చేయండి: కట్టిన రసీదులు, పూర్తి చేసిన క్లాసుల సర్టిఫికెట్లు, పన్ను ట్రాన్‌స్క్రిప్టులు. తెలిసినవాళ్ల దగ్గర లెటర్లు తీసుకునేటప్పుడు వాళ్లకు ఆరోపణ ఏమిటో చెప్పి తీసుకోండి. "చాలా మంచివాడు" అన్న లెటర్ కంటే "అతని డీయూఐ సంగతి నాకు తెలుసు, తర్వాత ఆరేళ్లుగా చూస్తున్నాను" అన్న లెటర్‌కే బలం. కాంట్రాక్టర్లు అడ్మినిస్ట్రేటివ్ జడ్జి ముందు విచారణ కోరవచ్చు. ఈ దశలో లాయర్ ఖర్చుకి వెనకాడకండి.

అక్కడా తిరస్కరిస్తే కాంట్రాక్టర్ కేసుల్లో ఏడాది తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు, మళ్లీ స్పాన్సర్ దొరకాలి. ఆ ఏడాదిలో నిర్ణయంలో రాసిన లోపాలు ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ కాగితాలు పోగు చేయండి.

## 14. క్లియరెన్స్ వచ్చాక

ఇప్పుడు నిరంతర పరిశీలన ఉంది, అరెస్టులు, క్రెడిట్ మార్పులు లాంటివి సిస్టంకి వాటంతటవే తెలుస్తాయి. అయినా మీరే ముందు చెప్పాలి. సీడ్-3 అనే మరో ఆదేశం ప్రకారం విదేశీ ప్రయాణాలు, విదేశీయులతో కొనసాగే దగ్గరి పరిచయాలు, అరెస్టులు, దివాలా లాంటివి రిపోర్టు చేయాలి. ఏ స్థాయి క్లియరెన్స్‌కి ఏవి అన్నది ఎఫ్‌ఎస్‌ఓ దగ్గర జాబితా ఉంటుంది, మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. సెలవులకు ఇండియా వెళ్లాలంటే టికెట్ కొనగానే ఎఫ్‌ఎస్‌ఓకి చెప్పండి, అనుమతి అవసరమా కాదా వాళ్లే చెప్తారు. ఎస్‌ఎఫ్-86 కోసం తయారుచేసిన స్ప్రెడ్‌షీట్‌ని పడేయకుండా ప్రతి ప్రయాణం, ప్రతి అడ్రస్ మార్పు జరిగిన వారంలోనే అందులో చేర్చుకుంటూ ఉండండి.